ఆయిల్ మార్చారా, మార్చామన్నారా?

కొత్తగా కారు కొన్నవాళ్లు ఇంజిన్ ఆయిల్ మీద పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. అడిగినవి వేరువేరు విషయాలే అయినా, తిరిగి తిరిగి ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్ దగ్గరికే వచ్చి ఆగాయి. కాబట్టి చదివే ముందు ఒకసారి బానెట్ ఎత్తి, సాధారణంగా పసుపో నారింజో రంగు పిడి ఉండే ఆ సన్నటి కమ్మీ మీ కారులో ఎక్కడుందో చూసి రండి.

ప్రశ్న: కారు కొని ఏడాది కావస్తోంది. 4,000 కిలోమీటర్లే తిరిగింది. మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంది. ఇంకా ఆరువేలు మిగిలే ఉన్నాయి కదా, ఆయిల్ అప్పుడే మార్చాలా?

జవాబు: మార్చాలండీ. ఏది ముందొస్తే అది. ఆ 'లేదా'ను చాలామంది 'రెండూ అయ్యాక' అని చదువుకుంటారు.

తక్కువ తిరిగిన కారులో ఆయిల్ తాజాగా ఉంటుందని అనిపిస్తుంది కానీ, జరిగేది చాలాసార్లు దానికి తలకిందులు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత, కాలకుండా మిగిలిన పెట్రోలు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అయిన ఛాంబర్‌లోని ఆయిల్‌లో కలుస్తాయి. ఆయిల్ బాగా కాగితే ఇవి ఆవిరై పైకి లేచి, బ్రీదర్ గొట్టం గుండా మళ్లీ ఇంజిన్‌లోకే పోయి కాలిపోతాయి. కాగకపోతే ఛాంబర్‌లోనే తిష్ఠ వేస్తాయి. పెట్రోలు ఆయిల్‌ను పలచబరుస్తుంది. నీరు ఆమ్లాలు పుట్టడానికి తోడవుతుంది. ఆ ఆమ్లాలను విరిచేందుకు ఆయిల్‌లో కలిపిన రసాయనాలు కొద్దికొద్దిగా ఖర్చయిపోతాయి.

టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిందంటే కూలెంట్ వేడెక్కిందని మాత్రమే అర్థం. ఆయిల్ ఆ వేడికి చేరడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే కారులో ఆయిల్ సరిగ్గా కాగే రోజే రాదు.

ఇంకో లెక్క కూడా వేయండి. ట్రాఫిక్‌లో సగటున గంటకు 20 కిలోమీటర్ల చొప్పున నడిస్తే మీ 4,000 కిలోమీటర్లకు ఇంజిన్ 200 గంటలు తిరిగింది. అదే 200 గంటలు హైవే మీద 60 సగటుతో నడిచిన కారు 12,000 కిలోమీటర్లు వెళ్లిపోయేది. ఓడోమీటర్ చక్రాలను లెక్కపెడుతుంది, ఇంజిన్‌ను కాదు.

మాన్యువల్‌లో మామూలు సర్వీసు పట్టిక పక్కనే 'కఠిన పరిస్థితులు' అని ఇంకో పట్టిక ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు అరుదు. దుమ్ము దారులు, దగ్గరి ప్రయాణాలు, ఆగుతూ సాగే ట్రాఫిక్, ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచడం, బరువులు లాగడం ఇవన్నీ అందులోకే వస్తాయి. అలాంటి వాడకానికి చాలా కంపెనీలు గడువును సగానికి తగ్గించమంటాయి. 10,000 అన్నచోట 5,000, ఏడాది అన్నచోట ఆరు నెలలు. నిజం చెప్పాలంటే నగరాల్లో తిరిగే కార్లలో ఎక్కువ భాగం ఆ రెండో పట్టికలోవే.

ప్రశ్న: నా కారు మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంది. మెకానిక్ మాత్రం "అది నీళ్లలా ఉంటుంది, 20డబ్ల్యూ-50 పోద్దాం, ఇంజిన్ గట్టిగా ఉంటుంది" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మాన్యువల్ మాట.

'డబ్ల్యూ' అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే కదలిక అంత సులువు. వెనకున్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనానికి గుర్తు. సున్నా అంటే చిక్కదనం సున్నా అని కాదు, 20 అంటే 20 శాతమనీ కాదు. ఇవి ఎస్‌ఏఈ సంస్థ పెట్టిన గ్రేడు పేర్లు. 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడు చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు. మామూలు గది వేడిమిలో నీటి చిక్కదనం దాదాపు 1. అంటే సలసల కాగిన 20 గ్రేడు ఆయిల్ కూడా చల్లటి నీళ్లకంటే ఏడెనిమిది రెట్లు చిక్కన. కాబట్టి 'నీళ్లలా' అన్నది కంటికి కనిపించేదే తప్ప నిజం కాదు.

మీ ఇంజిన్‌లో బేరింగుల సందులు, ఆయిల్ పంపు, వాల్వుల టైమింగ్‌ను ఆయిల్ ఒత్తిడితో మార్చే భాగాల్లోని సన్నటి దారులు అన్నీ ఆ పలచని ఆయిల్‌ను లెక్కలో పెట్టుకుని చేసినవే. చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టుకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. ఇంజిన్ ఎక్కువగా అరిగే వేళల్లో ఆ మొదటి క్షణాలు ఒకటి. మైలేజీ కూడా తగ్గుతుంది. 'మాది చలి ప్రదేశం కాదు, డబ్ల్యూ ముందు అంకెతో మాకేం పని' అనుకోకండి. ఎండ మండిపోయే రోజైనా ఆపి ఉంచిన ఇంజిన్‌లో ఆయిల్ 100 డిగ్రీల దరిదాపుల్లో ఉండదు. అంటే స్టార్ట్ చేసే ప్రతిసారీ అది ఉండాల్సినదానికంటే చాలా చిక్కగానే ఉంటుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. 40 గ్రేడు అడిగే పాత ఇంజిన్‌లో 'కొత్త రకం' అని 20 పోయడం. అదీ వద్దు. కొన్ని మాన్యువళ్లలో బయటి వేడిని బట్టి రెండు మూడు గ్రేడులకు అనుమతి ఉంటుంది. ఆ పట్టికలో ఉన్నదేదైనా నిస్సంకోచంగా వాడొచ్చు.

గ్రేడు ఒక్కటే సరిపోదు, నాణ్యత గుర్తు కూడా చూడాలి. డబ్బా వెనక ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) వారి గుండ్రటి ముద్రలో రెండక్షరాలుంటాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజిన్లకు, సి అయితే డీజిల్‌కు. ఎస్ వరసలో రెండో అక్షరం ఎంత వెనకదైతే అంత కొత్తది. ఎస్‌ఎన్ 2010లో వస్తే ఎస్‌పీ 2020లో వచ్చింది. ఎస్‌ఎన్ అడిగిన కారులో ఎస్‌పీ పోయొచ్చు, ఎస్‌పీ అడిగినదానిలో ఎస్‌ఎన్ పోయకూడదు. సిలిండర్‌లోకి నేరుగా పెట్రోలు చిమ్మే టర్బో ఇంజిన్లలో తక్కువ వేగంలో ఇంధనం ముందే అంటుకుని పిస్టన్లను దెబ్బతీసే జబ్బు ఒకటుంది. దాన్ని అడ్డుకునే పరీక్ష ఎస్‌పీలో భాగం. పొగ ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. ఏసీఈఏ (ఐరోపా కార్ల తయారీదారుల సంఘం) పెట్టిన సి2, సి3 లాంటి గుర్తులు అందుకోసమే. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే ఆ బూడిద ఫిల్టర్‌లో పేరుకుపోతుంది, దాన్ని కాల్చి వదిలించుకోవడం కుదరదు. ఇక టైమింగ్ బెల్టు ఆయిల్‌లో తడుస్తూ తిరిగే ఇంజిన్లు కొన్నున్నాయి. వాటిలో కంపెనీ చెప్పిన ప్రమాణం కానిది పోస్తే బెల్టు ఉబ్బి, పొట్టు రాలి, ఆ పొట్టు ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది.

డబ్బా ముందు పెద్దక్షరాల్లో ఉండే 'ఫుల్లీ సింథటిక్', 'గోల్డ్', 'ప్రో' లాంటి మాటలు ఏ ప్రమాణమూ కావు. వెనక ఉన్న చిన్న అక్షరాలే చదవండి.

ప్రశ్న: మొదటిసారి ఆయిల్ మార్పించడానికి కారు ఇవ్వబోతున్నాను. నాకేమీ తెలియదని వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఏం అడగాలి, ఏం చూడాలి?

జవాబు: తెలియకపోవడం తప్పు కాదు. వెళ్లే ముందు మాన్యువల్ చూసి నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి: గ్రేడు, ఏపీఐ లేదా ఏసీఈఏ ప్రమాణం, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు, ఫిల్టర్ పార్టు నంబరు. చిన్న కార్లలో 3 నుంచి 4 లీటర్లు, పెద్ద ఇంజిన్లలో 5 నుంచి 7 లీటర్లు పడుతుంది. ఒకే మోడల్‌లో పెట్రోలుకూ డీజిల్‌కూ లెక్క వేరు, కాబట్టి ఎదురింటివారి కారు అంకె పనికిరాదు.

ఇంటి దగ్గరే డిప్‌స్టిక్ తీసి ఫొటో తీసుకోండి. ఓడోమీటర్ ఫొటో కూడా. దగ్గర ఉండి చేయించుకోగలిగితే సీలున్న డబ్బాను మీ ఎదుటే తెరవమనండి. డ్రమ్ము నుంచి పోస్తామంటే డ్రమ్ము మీద గ్రేడు చూపించమనండి. పాత ఫిల్టర్ చూపించమని అడగండి. ఇది కీలకం, ఎందుకంటే ఆయిల్ మార్చి ఫిల్టర్ వదిలేయడం, లేదా తుడిచేసి కొత్తదని చెప్పడం జరుగుతూనే ఉంటుంది. అడుగున ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టుకు వాషర్ కొత్తది వేస్తున్నారా అని కూడా అడగండి. పైసల సరుకు అది. దాన్ని మార్చకపోతే చుక్కలు పడవచ్చు. 4 లీటర్ల డబ్బా కొని 3.3 లీటర్లు పోస్తే మిగిలిన 700 మిల్లీలీటర్లు మీవే. మూత బిగించి ఇంటికి తెచ్చుకోండి, టాప్ అప్‌కు అదే ఆయిల్ దొరికినట్టవుతుంది.

డబ్బులిచ్చే ముందు అయిదు నిమిషాలు ఆగండి. చదునైన చోట కారు పెట్టించి, ఇంజిన్ ఆపి, డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి. పెట్రోలు కారైతే ఆయిల్ తేనె రంగులో, పుల్ల కనిపించేంత తేటగా ఉండాలి. డీజిల్ అయితే రంగును నమ్మకండి. గోడలకు అంటుకుని మిగిలిన మసి వల్ల కొత్త ఆయిల్ కూడా ఇంజిన్ ఒకసారి స్టార్ట్ చేసేసరికే నల్లబడుతుంది. అక్కడ ఖాళీ డబ్బాలూ పాత ఫిల్టరే సాక్ష్యం. తర్వాత కారు కిందికి వంగి ఫిల్టర్ చుట్టూ, బోల్టు చుట్టూ తడి ఉందేమో చూడండి. చివరగా బానెట్ కింద ఆయిల్ పోసే మూత బిగించి ఉందా? నవ్వకండి, అది వదిలేసి పంపించిన కార్లు తక్కువేం కాదు. ఇంజినంతా ఆయిల్ చిమ్ముతుంది.

ఇంత చూస్తే మెకానిక్ నొచ్చుకుంటాడేమో అని సందేహం వద్దు. పని సరిగ్గా చేసినవాడు చూపించడానికే ఇష్టపడతాడు.

'ఇంజిన్ ఫ్లష్' (మందు పోసి ఇంజిన్ లోపల కడగడం) చేస్తామంటే? సమయానికి ఆయిల్ మారుతున్న ఇంజిన్‌కు దానితో పని లేదు. ఏళ్ల తరబడి మార్చని ఇంజిన్‌లో అయితే అది అపాయమే. గట్టిపడిన మడ్డి పెళ్లలుగా ఊడి పీల్చే జల్లెడకు అడ్డం పడవచ్చు. అలాంటి ఇంజిన్‌కు మంచి ఆయిల్ పోసి 2,000, 3,000 కిలోమీటర్లకే మళ్లీ మార్చడం నెమ్మదైనా క్షేమం. ఆయిల్‌లో కలిపే సీసాల మందులూ అక్కర్లేదు, కావలసినవి ఆయిల్‌లోనే ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ మార్చాలంటే మాత్రం తీసి చూపించమనండి. నిజంగా దుమ్ము పట్టి ఉంటే అది మాయమాట కాదు.

సర్వీసు గుర్తు లైటు ఆరిందంటే ఎవరో బటన్ నొక్కి రీసెట్ చేశారని అర్థం, అంతే. ఎక్కువ కార్లలో ఆయిల్ ఆయుష్షు చూపే అంకె కూడా దూరం, వేడి, స్టార్టులు లెక్కపెట్టి వేసిన అంచనా. లోపల ఏముందో దానికి తెలియదు.

ప్రశ్న: డిప్‌స్టిక్ ఒకవైపు ఒక లెవెల్, రెండోవైపు ఇంకో లెవెల్ చూపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండింటిలో తక్కువది. పుల్ల బయటికి వస్తూ గొట్టం గోడకు రాసుకోవడం వల్ల ఒకవైపు అలికినట్టవుతుంది.

ఇంజిన్ కాస్త వేడెక్కాక, చదునైన చోట ఆపి, 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. పైనున్న ఆయిల్ కిందికి దిగాలి. పుల్ల తీసి శుభ్రంగా తుడిచి, చివరంటా దింపి, మళ్లీ తీయండి. మొన కిందికో, అడ్డంగానో పట్టుకోండి. పైకెత్తి చూస్తే ఆయిల్ వెనక్కి పారి లేని లెవెల్ చూపిస్తుంది. కింది గుర్తుకూ పై గుర్తుకూ మధ్య ఎక్కువ కార్లలో సుమారు 1 లీటరు తేడా. సగంలో ఉంటే అర లీటరు పడుతుందన్నమాట. ఒక్కసారే పోయక, 200 మిల్లీలీటర్లు పోసి, రెండు నిమిషాలాగి చూసుకుంటూ వెళ్లండి. పుల్ల లేని కార్లలో స్క్రీన్ మీదే లెవెల్ కొలుస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే ఆ కొలత నమ్మదగ్గది.

ప్రశ్న: మాన్యువల్‌లో 3.5 లీటర్లని ఉంటే చూడకుండా 5 లీటర్ల డబ్బా మొత్తం పోసేశాను. ఇంకా స్టార్ట్ చేయలేదు.

జవాబు: చేయకండి. మంచి సమయంలో అడిగారు.

పై గుర్తు దాటి రెండు మూడు మిల్లీమీటర్లుంటే కొంప మునగదు. మీ విషయంలో లీటరున్నర ఎక్కువ. అంత మట్టం పెరిగితే తిరిగే క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ను చిలుకుతుంది, కవ్వంతో మజ్జిగ చేసినట్టు నురగ కడుతుంది. నురగలో ఉన్నది గాలి. పంపు ఆ గాలిని పీల్చి బేరింగులకు పంపిస్తే లోహం లోహానికి తగులుతుంది. ఆయిల్ ఎక్కువై, ఆయిల్ అందక ఇంజిన్ చెడిపోవడమంటే ఇదే. పైగా బ్రీదర్ గుండా ఆయిల్ ఇన్‌టేక్‌లోకి లాక్కుని నీలం పొగ వదులుతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌కూ అది చేటు.

డిప్‌స్టిక్ గొట్టంలోకి సన్నటి పైపు దింపి చేతిపంపుతో పీల్చేయడం శుభ్రమైన దారి. అది లేకపోతే కింద బోల్టు విప్పి ఓ శుభ్రమైన గిన్నెలోకి పట్టి, కావలసినంత మళ్లీ పోసుకోవచ్చు. బోల్టు సగం వదులు చేసి కొంచెమే కార్చుదామనుకోకండి, చెయ్యి, నేల అన్నీ ఆయిలే.

ఇదే అవకాశంగా ఇంకో మాట. సర్వీసు చేయించి తెచ్చిన కారులో లెవెల్ పై గుర్తుకు ఎంతో ఎత్తున, దాదాపు రెట్టింపు ఉన్నట్టు కనిపిస్తే, అందునా గేరు పడ్డా కారు జంకుతూ కదులుతుంటే, వెంటనే ఆపేయండి. ఇంజిన్ ఆయిల్ అనుకుని గేర్‌బాక్సు ఆయిల్ వదిలేసి, పాత ఇంజిన్ ఆయిల్ మీదే కొత్తది పోసి ఉంటారు. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు అది ప్రాణాంతకం.

ప్రశ్న: ఆయిల్ నేనే మార్చుకుందామనుకుంటున్నాను. మొదటినుంచి చివరిదాకా చెప్పగలరా?

జవాబు: ముందుగా కుండబద్దలు కొట్టినట్టు ఒక మాట: జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కిందికి తల కాదు, చెయ్యి కూడా పెట్టకండి. కారుతో వచ్చిన జాకీ టైరు మార్చడానికి మాత్రమే. ర్యాంపులు గానీ, జాకీ ఎత్తాక కింద పెట్టే స్టాండ్లు రెండు గానీ ఉండాలి. గట్టి, చదునైన నేల కావాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. కారు ఎత్తుగా ఉండి కింద బోల్టు అందుతుంటే ఎత్తనే అక్కర్లేదు.

ఆయిల్, ఫిల్టర్, వాషర్ కాకుండా మీకు కావలసినవి: బోల్టుకు సరిపడే రింగు స్పానర్ లేదా సాకెట్ (14, 17 మిల్లీమీటర్లవి ఎక్కువ, కొన్నిటికి అలెన్ కీ), ఫిల్టర్ విప్పే పట్టీ, మొత్తం ఆయిల్ పట్టి ఇంకా మిగిలే తొట్టి, గరాటు, నైట్రైల్ గ్లవ్స్, గుడ్డలు. బిగింపును కొలిచే టార్క్ రెంచ్ ఉంటే మేలు. అరగంట పనే, కానీ తొలిసారికి రెండు గంటలు పెట్టుకోండి. ఆ రోజు ఇంకో వాహనం అందుబాటులో ఉండేలా చూసుకోండి. మధ్యలో ఏదైనా విరిగితే ఆయిల్ లేని కారులో వెళ్లి తెచ్చుకోలేరు కదా.

ఇంజిన్‌ను ఓ అయిదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చటి ఆయిల్ మలినంతో సహా త్వరగా దిగుతుంది. దూరం వెళ్లివచ్చిన వెంటనే మాత్రం వద్దు, చెయ్యి కాలుతుంది. పైన పోసే మూత వదులు చేయండి. గాలి లోపలికి వెళ్తేనే ధార తెగకుండా పడుతుంది. ఇంజిన్ డ్రెయిన్ బోల్టు ఏదో మాన్యువల్ బొమ్మలో చూసి నిర్ధారించుకోండి, పక్కనే గేర్‌బాక్సుదీ ఉంటుంది. విప్పగానే ఎర్రగానో గులాబీ రంగులోనో వస్తే పొరపాటు బోల్టు అది, తక్షణం బిగించేయండి.

స్పానర్‌తో వదులు చేశాక మిగతాది చేత్తో తిప్పండి, తిప్పుతున్నంతసేపూ బోల్టును లోపలికి నొక్కి ఉంచండి. చివరి మర వదిలిందని తెలియగానే చటుక్కున పక్కకు లాగండి. మొదట ధార ఏటవాలుగా ఓ జానెడు దూరం చిమ్మి, తగ్గేకొద్దీ దగ్గరికి వస్తుంది. తొట్టిని దాని వెంట జరపాలి. 10, 15 నిమిషాలు వదిలేయండి. బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద మెత్తటి బూడిద రంగు ముద్ద మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలుంటే మెకానిక్‌కు చూపించండి.

పాత వాషర్ ఛాంబర్‌కే అంటుకుని ఉండిపోతుంది కొన్నిసార్లు. దాని మీదే కొత్తది వేస్తే కారడం ఖాయం, గీకి తీసేయండి. ఇప్పుడు అసలు జాగ్రత్త: కొత్త వాషర్ వేసి బోల్టును చేత్తోనే మూడు నాలుగు చుట్లు ఎక్కించండి. ముందు వెనక్కి తిప్పితే మరలు కుదురుకున్న చోట చిన్నగా టిక్కుమంటుంది, అక్కడినుంచి ముందుకు. చాలా ఛాంబర్లు అల్యూమినియంవి, స్టీలు బోల్టు వంకరగా ఎక్కితే మరలు లేచిపోతాయి. బిగింపు చాలా కార్లలో 25 నుంచి 45 న్యూటన్ మీటర్లు, మీ కారు అంకె చూసుకోండి. ఒంటి బలమంతా పెట్టేది కాదు. అతిగా బిగిస్తే మరలు పోతాయి.

ఫిల్టర్ కింద కూడా తొట్టి పెట్టి విప్పండి, లోపల ఇంకా ఆయిల్ ఉంటుంది. విప్పాక పాత ఫిల్టర్‌కు రబ్బరు రింగు ఉందో లేదో చూడండి. లేకపోతే అది ఇంజిన్‌కే అతుక్కుని ఉంది. చూడకుండా కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రెండు రింగులు పడి, స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేల పాలవుతుంది. ఈ పనిలో కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ఇంజిన్‌ను నిజంగా చంపగలిగినవాటిలో ఇదొకటి. కొత్త రింగుకు వేలితో కొత్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు తగిలాక ముప్పావు చుట్టు బిగించండి. పట్టీ విప్పడానికే, బిగించడానికి కాదు. కాగితపు ఫిల్టర్‌ను ప్లాస్టిక్ గిన్నెలో పెట్టే రకమైతే పెట్టెలో వచ్చిన ఓ-రింగులన్నీ మార్చి, అవి ఉన్న గాడిలోనే వేయండి. మూత మీదే బిగింపు అంకె ఉంటుంది, తరచుగా 25 న్యూటన్ మీటర్లు.

3.5 లీటర్లు పట్టే ఇంజిన్‌కు ముందు 3 పోయండి. మూత బిగించి స్టార్ట్ చేయండి, యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. ఎర్ర ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే ఆపేయండి. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి కింద చుక్కలు చూసి, ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. కొంత ఫిల్టర్‌లోకి పోయి మట్టం దిగి ఉంటుంది. మిగతాది అప్పుడు కొలుచుకుంటూ పోయండి. కారు ఎత్తులో ఉండగా చూసిన లెవెల్ లెక్కలోకి రాదు, దింపాకే చూడాలి. రెండు రోజుల తర్వాత మరోసారి. కారు వారంటీలో ఉంటే ఆయిల్, ఫిల్టర్ రసీదుల మీద తేదీ, కిలోమీటర్లు రాసి దాచండి.

ప్రశ్న: ఆయిల్ మార్చిన మర్నాడు కారు కింద చుక్కలు కనిపించాయి. బోల్టు ఇంకా బిగించమంటారా?

జవాబు: వద్దు. ముందు ఎక్కడినుంచో తేల్చండి. ఫిల్టర్ విప్పినప్పుడు ఒలికింది కింది ప్లాస్టిక్ కవరులో నిలిచి రెండు రోజులు కారుతూ ఉంటుంది. అంతా తుడిచి, 10 నిమిషాలు ఇంజిన్ నడిపి, కింద తెల్ల కాగితం పరిచి చూడండి. బోల్టు దగ్గరే తడి వస్తే వాషర్ మార్చాలి, బలం పెంచకూడదు. ఎంత తిప్పినా బోల్టు బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే మరలు పోయాయి. లోపల కొత్త మరల చుట్ట వేయడమో ఛాంబర్ మార్చడమో మెకానిక్ పని.

ప్రశ్న: మలుపు తిరిగినప్పుడు ఎర్ర ఆయిల్ డబ్బా లైటు వెలిగి ఆరిపోతోంది. ఇంటికి 6 కిలోమీటర్లే ఉంటే వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లకూడదు. పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. ఆ ఎర్ర లైటు లెవెల్‌ది కాదు, ప్రెషర్‌ది. మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపుకు గాలి తగులుతోంది, అంటే మట్టం కింది గుర్తుకంటే బాగా కింద ఉందని అనుమానించాలి. లెవెల్ చూసి, తక్కువైతే పోసి స్టార్ట్ చేయండి. పోశాక కూడా లైటు ఆరకపోతే, లేదా లెవెల్ సరిగ్గానే ఉంటే, కారును లాగించుకుని వెళ్లాల్సిందే. పసుపు రంగులో వెలిగితే అది సాధారణంగా లెవెల్ హెచ్చరిక, దగ్గర్లో ఆగి పోసుకునే వ్యవధి ఉంటుంది.

టాప్ అప్‌కు అదే బ్రాండు దొరకకపోతే? అదే గ్రేడు, అదే ప్రమాణం ఉన్న వేరే బ్రాండు నిరభ్యంతరంగా కలపండి. అదీ లేకపోతే దగ్గరి గ్రేడు ఏదైనా ఆయిల్ లేకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

ప్రశ్న: డీజిల్ కారు. ఆయిల్ తగ్గాల్సింది పోయి నెలనెలా పెరుగుతోంది!

జవాబు: పొగ ఫిల్టర్‌లోని మసిని కాల్చడానికి ఇంజిన్ అప్పుడప్పుడు అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఊళ్లోనే తిరిగే కారులో ఆ కాల్పు సగంలో ఆగిపోతూ, మళ్లీ మొదలవుతూ ఉంటుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట ఛాంబర్‌లోకి దిగుతుంది. అదీ మీ పెరుగుదల. కొన్ని డిప్‌స్టిక్‌ల మీద పై గుర్తుకు ఎగువన ఇంకో గుర్తు ఇందుకోసమే ఇస్తారు, అది చేరితే గడువుతో పని లేకుండా మార్చేయాలి. పుల్ల వాసన చూస్తే డీజిల్ ఘాటు తెలుస్తుంది. వారానికోసారి ఓ అరగంట ఆగకుండా హైవే మీద నడపడం దీనికి సగం మందు. కూలెంట్ ట్యాంకు మట్టం కూడా చూడండి. అది తగ్గుతూ ఇది పెరుగుతుంటే కథ వేరు, ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. అలాంటప్పుడు డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన కాఫీలా కనిపిస్తుంది, కారు నడపకండి. చలికాలంలో పోసే మూత లోపలివైపు మాత్రమే కాస్త మీగడలాంటిది కనిపించి, పుల్ల మీద శుభ్రంగా ఉంటే అది ఆవిరి తేమే.

ప్రశ్న: వదిలిన పాత ఆయిల్ ఏం చేయాలి? చెట్ల మొదట్లో పోస్తే చెదలు పట్టవంటారు.

జవాబు: మట్టిలో, కాలువలో, మురుగు గొట్టంలో ఎక్కడా పోయకండి. వాడిన ఆయిల్‌లో లోహాలు, కాలడం వల్ల పుట్టిన క్యాన్సర్ కారకాలు ఉంటాయి. గ్లవ్స్ వేసుకోమన్నది కూడా అందుకే. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే గరాటుతో వంపి మూత బిగించండి. కూలెంట్, బ్రేక్ ఆయిల్, పెట్రోలు అందులో కలపకండి, కలిస్తే దాన్ని శుద్ధి చేసేవాళ్లు తీసుకోరు. విడిగా ఉన్న పాత ఆయిల్‌ను మళ్లీ శుద్ధి చేసి, కొత్త ఆయిల్ తయారీకి వాడే బేస్ ఆయిల్‌గా మార్చవచ్చు. ఫిల్టర్‌ను రంధ్రం కిందికి పెట్టి ఒక రాత్రంతా తొట్టిలో కారిపోనిచ్చి, కవరులో చుట్టి, ఆయిల్‌తో పాటే పాత ఆయిల్ సేకరించే సర్వీసు కేంద్రానికి ఇవ్వండి. ఆయిల్ తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకుండా, విప్పి ఆరబెట్టాకే పారేయండి.